పక్షవాతం వచ్చిన మనిషి ఇంటికొచ్చాక: పైకి కనపడని దెబ్బలను చూసుకోవడం ఎలా

పక్షవాతం (స్ట్రోక్) వచ్చిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే అందరి చూపూ చేతి మీదా కాలి మీదా పడుతుంది. వేలు కదిలిందా, అడుగు పడిందా అన్నదే ప్రశ్న. కానీ మనిషిని మళ్ళీ ఆసుపత్రి పాలు చేసేవీ, ఇంట్లో రోజూ గొడవ పెట్టేవీ చాలాసార్లు వేరే ఉంటాయి: గుటక సరిగా పడకపోవడం, ధ్యాస నిలవకపోవడం, ఒక పక్క అసలు లేనట్టే ఉండటం, మాట అందకపోవడం, కూర్చున్నచోటే కూలబడేంత అలసట. చూసిపోవడానికి వచ్చినవాళ్ళకు ఇవి తెలియవు. అందుకే వీటికి మొండితనమనీ బద్ధకమనీ నటన అనీ పేర్లు పడతాయి. చెయ్యి పడిపోయిన మనిషిని ఎందుకు ఎత్తట్లేదని ఎవరూ తిట్టరు. ధ్యాస పడిపోయిన మనిషిని మాత్రం రోజుకు పదిసార్లు తిడతారు.

బయలుదేరే ముందు రాయించుకోవలసినవి

డిశ్చార్జి కాగితం డాక్టర్ల కోసం రాసింది. ఇంట్లోవాళ్ళ కోసం విడిగా ఒక కాగితం మీద కొన్ని విషయాలు మామూలు మాటల్లో రాసుకోవాలి. రక్తనాళం మూసుకుపోయి వచ్చిందా, చిట్లి వచ్చిందా? వందలో సుమారు 85 మందికి మూసుకుపోవడం వల్లే వస్తుంది, కానీ ఈ రెండింటికీ మందులు ఒకటి కావు. మెదడులో కుడి సగమా, ఎడమ సగమా? కారణం ఏమని తేల్చారు: రక్తపోటా, మెడ రక్తనాళంలో పూడికా, గుండె లయ తప్పడమా? గుటక పరీక్ష చేశారా, చేస్తే ఎంత చిక్కదనం వరకు ఇవ్వచ్చన్నారు? ఏ మాత్రలు పొడి చేయకూడదు?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ ముఖ్యం. మెల్లగా కరిగేలా తయారుచేసిన బీపీ, షుగర్ మాత్రలను నూరితే రోజంతా విడుదల కావలసిన మందు ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. మింగలేకపోతే ద్రవరూపంలోనో వేరే రకంలోనో రాయమని అడగాలి.

గుటక: మొదటి నెలల్లో అన్నిటికంటే పెద్ద ప్రమాదం

గొంతు కండరాలు బలహీనపడితే తిన్నది అన్నవాహికలోకి కాక ఊపిరితిత్తుల వైపు జారుతుంది. న్యుమోనియాకు దారి అదే. చాలామంది పొలమారితేనే తేడా ఉందనుకుంటారు. కానీ గొంతులో స్పర్శ తగ్గినవాళ్ళకు దగ్గు కూడా రాదు. అందుకని వేరే గుర్తులు చూడాలి: మింగిన తర్వాత గొంతు తడిగా గురగురమనడం, బుగ్గలో ముద్ద అలాగే ఉండిపోవడం, ముక్కులోంచి నీళ్ళు రావడం, భోజనానికి ముప్పావు గంట పట్టడం, కారణం తెలియని జ్వరం, బరువు తగ్గిపోవడం. వీటిలో ఏది ఉన్నా మళ్ళీ గుటక పరీక్ష చేయించాలి.

నీళ్ళే కదా అని ముందు నీళ్ళు పట్టించడం పొరపాటు. పలచని ద్రవం గొంతులో వేగంగా జారుతుంది, గొంతు మూసుకునే లోపే దాటిపోతుంది. అందుకే చాలామందికి చిక్కబరిచిన ద్రవాలూ, ముక్కలు లేని మెత్తని ఆహారమూ సులభం. ఎంత చిక్కదనమన్నది స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పాలి. ఒకే గిన్నెలో పలచని రసమూ గట్టి ముక్కలూ కలిసి ఉంటే అది మింగడం అన్నిటికంటే కష్టం.

తినిపించేటప్పుడు మనిషి పూర్తిగా మెలకువగా ఉండాలి. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి ఉంచాలి. తల వెనక్కి వాలితే శ్వాసనాళం తెరుచుకుంటుంది. నిలబడి తినిపిస్తే వాళ్ళు తల ఎత్తి చూడాల్సి వస్తుంది కాబట్టి తినిపించేవాళ్ళు కూడా ఎదురుగా, అదే ఎత్తులో కూర్చోవాలి. ఒక టీస్పూను, అదీ బాగున్న వైపు బుగ్గలో. గొంతు మణి పైకి లేచి దిగేదాకా ఆగి, నోట్లో ఏమీ మిగల్లేదని చూశాకే రెండోది. టీవీ ఆపాలి, ప్రశ్నలు అడగకూడదు. మాట్లాడాలంటే ఊపిరి తీసుకోవాలి, ఊపిరి తీసుకునేటప్పుడే ముద్ద దారి తప్పుతుంది. తిన్నాక కనీసం 30 నిమిషాలు కూర్చునే ఉండాలి.

నోటి శుభ్రత ఇందులో భాగమే. లాలాజలం కూడా జారి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవచ్చు. నోరు పాచిగా ఉంటే ఆ సూక్ష్మక్రిములన్నీ దాంతోపాటు వెళ్తాయి. రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో పళ్ళూ నాలుకా చిగుళ్ళూ తోమాలి. ముక్కుగొట్టం ద్వారా ఆహారం పెడుతున్నా ఇది మానకూడదు, అసలు అప్పుడే ఎక్కువ అవసరం. గొట్టంలో పోసేటప్పుడూ, ఆ తర్వాత అరగంటసేపూ తలవైపు ఎత్తుగా ఉండాలి. గొట్టం మీద పెట్టిన గుర్తు జరిగినట్టు కనిపిస్తే ఏమీ పోయకుండా నర్సుకు చూపించాలి.

పడక, భుజం, లేపడం

సొంతంగా కదల్లేని మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. ఒత్తిడి పడేచోట్లు నడుం కింద ఎముకా, మడమలూ, తుంటీ, చీలమండలూ. అక్కడ ఎర్రబడిన చర్మాన్ని వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ మర్దన చేయకూడదు, బరువు తీసేయాలి. మడమ కింద దిండు పెట్టడం కాదు, పిక్క కింద పెట్టి మడమ గాలిలో ఉండేలా చూడాలి.

భుజం సంగతి చాలా ఇళ్ళల్లో తప్పుతుంది. పడిపోయిన చేతి బరువును పట్టి ఉంచే కండరాలు పనిచేయవు కాబట్టి ఎముక కీలులోంచి కొద్దిగా జారి ఉంటుంది. ఆ చెయ్యి పట్టి లాగినా, చంకలో చెయ్యి వేసి పైకి ఎత్తినా నెలల తరబడి వదలని నొప్పి మొదలవుతుంది. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండో బల్లో ఉండాలి, వేలాడకూడదు. తలపైన కప్పీకి తాడు కట్టి ఆ చేతిని లాగించే వ్యాయామం కూడా వద్దు.

మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీని బాగున్న వైపు, మంచానికి దగ్గరగా కొంచెం ఏటవాలుగా పెట్టాలి. చక్రాల కుర్చీ అయితే రెండు బ్రేకులూ వేసి, పాదాలు పెట్టే పలకలు పక్కకు తీయాలి. మనిషి మంచం అంచుకు జరిగి, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, ముక్కు మోకాళ్ళ మీదికి వచ్చేంత ముందుకు వంగాలి. అలా వంగకుండా లేపబోతే మోసేవాళ్ళ నడుం పోతుంది. పట్టు నడుముకు కట్టిన బెల్టు మీద ఉండాలి. మీ మోకాలు వాళ్ళ బలహీనమైన మోకాలికి ఆనించి ఉంటే అది మడతపడదు.

చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చివర. చేతికర్ర బాగున్న చేతిలో. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైనది ముందు. స్పర్శ తెలియని చేతికి వేడినీళ్ళ వేడి తెలియదు, నీళ్ళు మీ చేత్తో చూడాలి.

మాట పోయినప్పుడు

మెదడులో ఎడమ సగం దెబ్బతింటే కుడి చెయ్యీ కాలుతోపాటు మాట పోవడం ఎక్కువ. అందులో తేడాలున్నాయి. కొందరికి అంతా అర్థమవుతుంది, మాటే బయటికి రాదు, వచ్చినా ఒకటి రెండు ముక్కలు వస్తాయి. కొందరు ధారాళంగా మాట్లాడతారు గానీ అందులో అర్థం ఉండదు, మనం చెప్పేదీ అందదు. తాము తప్పు మాట్లాడుతున్నట్టు వాళ్ళకు తెలియకపోవచ్చు, ఎదుటివాళ్ళకు అర్థం కాకపోతే కోపం వస్తుంది. మూడో రకంలో భాషంతా బాగానే ఉంటుంది, నోటి కండరాల బలహీనతవల్ల మాట ముద్దగా వస్తుంది, అంతే. వీటిలో ఏదో తెలుసుకోకుండా గట్టిగా అరిచి మాట్లాడటం అందరూ చేసే తప్పు. వినికిడి పోలేదు కదా.

ఒకసారి ఒక్క విషయం, చిన్న వాక్యం. తర్వాత కనీసం పది సెకన్లు నోరు కట్టేసుకుని ఆగాలి. ఆ మౌనం మనకు ఇబ్బందిగా ఉంటుంది, వాళ్ళకు మాట వెతుక్కునే సమయం అదే. ‘ఏం కావాలి?’ అనే బదులు ‘నీళ్ళు కావాలా?’ అని అడిగి, అవునో కాదో తెలిపే దారి ఒకటి ఖాయం చేసుకోవాలి: తల ఊపడం, బొటనవేలు ఎత్తడం, కాగితం మీద రెండు గుర్తులు. ‘అవును’ అనబోయి ‘కాదు’ అనడం మామూలే, అందుకే సమాధానాన్ని మళ్ళీ చెప్పి సరిచూసుకోవాలి. మీరు మాట్లాడే ముఖ్యమైన మాటను పెద్ద అక్షరాల్లో రాసి చూపించండి, వస్తువును చూపించండి. వాళ్ళు అర్థమయ్యేలా చెప్పగలిగాక ఉచ్చారణ దిద్దకండి. మాట రానివాళ్ళు పాట అందుకోవడం, అంకెలు వరసగా చెప్పడం, తిట్టు స్పష్టంగా అనడం చూసి ‘కావాలనే మాట్లాడట్లేదు’ అనుకోకూడదు. అలవాటుగా వచ్చే మాటలకూ, ఆలోచించి కూర్చుకునే మాటలకూ మెదడు వాడే దారులు పూర్తిగా ఒకటి కావు. ఒక పద్ధతి ప్రకారం రాగాన్ని ఆసరా చేసుకుని మాట రప్పించే చికిత్స కూడా ఉంది.

ఒక పక్క మాయమైనప్పుడు

మెదడులో కుడి సగం దెబ్బతిన్నవాళ్ళలో ఎడమ పక్క అసలు లేనట్టే ఉండటం ఎక్కువ. కంచంలో కుడివైపు ఉన్నది తిని, ఎడమవైపున్నది వదిలేసి ఇంకా ఆకలి అంటారు. సగం ముఖమే గీసుకుంటారు. చక్రాల కుర్చీ ఎడమపక్క గుమ్మానికి తగులుతూనే ఉంటుంది. కళ్ళు బాగానే ఉంటాయి, మెదడు ఆ పక్కను లెక్కలోకి తీసుకోదు. కొందరికి చెయ్యి పడిపోయిందన్న సంగతే పట్టదు. ‘నాకేం కాలేదు’ అని లేచి నడవబోయి పడతారు. వాదించి ఒప్పించలేం, ఎందుకంటే తెలుసుకోవలసిన భాగమే దెబ్బతిన్నది. అలాంటి మనిషిని ఒంటరిగా వదలకూడదు.

ఇంట్లో చేయగలిగింది: కంచానికి, పుస్తకానికి ఎడమ అంచున ఎర్రని పట్టీ అంటించి, అది కనపడేదాకా తల తిప్పమనడం. నాలుగు మెతుకులు తిన్నాక కంచం తిప్పడం. ఎడమ చేతిని ఎప్పుడూ ఎదురుగా బల్ల మీద పెట్టించడం. సాధన సమయంలో ఎడమవైపు నుంచే పలకరించడం. ఒక మెలిక: పిలుపు గంట, నీళ్ళగ్లాసు, ఫోను మాత్రం కుడివైపే ఉండాలి. అభ్యాసం పేరుతో అవసరమైన వస్తువును అందని పక్కన పెట్టడం ప్రమాదం.

ధ్యాస, జ్ఞాపకం, పని వరస

మతిమరుపు అని ఇంట్లో చెప్పేది చాలాసార్లు మతిమరుపు కాదు. చెప్పినప్పుడు ధ్యాస నిలవక విషయం లోపలికే వెళ్ళలేదు. కాబట్టి జ్ఞాపకశక్తి ఆటలు ఆడించే ముందు చుట్టూ చప్పుడు తగ్గించాలి, పేరు పెట్టి పిలిచి కళ్ళలోకి చూశాక చెప్పాలి. ఒకేసారి రెండు పనులు పెట్టకూడదు. నడుస్తుండగా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడానికి ఆగిపోయే మనిషి, మాట్లాడుతూ నడిస్తే పడతాడు.

నిజంగా జ్ఞాపకం తగ్గినవాళ్ళకు వస్తువు పెట్టే చోటు మారకూడదు, రోజు వరస మారకూడదు. ఒకే నోటుపుస్తకం, అది ఎప్పుడూ ఒకే చోట. అందులో ఆనాటి తేదీ, ఎవరొస్తారు, ఏ మందు ఎప్పుడు వేసుకున్నారు. కొత్త పని నేర్పేటప్పుడు ‘చెప్పు చూద్దాం’ అని పరీక్ష పెట్టవద్దు. తప్పు జవాబు ఊహించి చెబితే ఆ తప్పే గుర్తుండిపోతుంది. సరైన అడుగు ముందు చూపించి, అదే చేయించి, సాయం కొద్దికొద్దిగా తగ్గించాలి.

మెదడు ముందుభాగం దెబ్బతిన్నవాళ్ళకు పని మొదలుపెట్టడం, వరసగా చేయడం, మధ్యలో ఆపి మార్చుకోవడం కష్టం. ‘స్నానం చెయ్యి’ అంటే కదలరు. ‘లే. తువ్వాలు తీసుకో. గదిలోకి పద’ అంటే కదులుతారు. ఇంట్లో జరిగే గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. స్నానాల గది తలుపు మీద అడుగుల వరస రాసి అంటిస్తే, రోజూ చెప్పి విసిగిపోయే పని కాగితం చేస్తుంది. తొందరపాటు ఎక్కువై, డబ్బు విషయంలో అంచనా తప్పుతుంటే సంతకాలూ పెద్ద చెల్లింపులూ ఇంకొకరు చూసిన తర్వాతే జరగాలి. వాహనం నడపడం డాక్టరు పరీక్షించి సరే అనేదాకా ఆపాలి. చేతులూ కాళ్ళూ బాగున్నా చూపులో ఒక పక్క పోయి ఉండవచ్చు.

ధ్యాస, జ్ఞాపకం లాంటివి చూసే మోకా (MoCA) అనే పరీక్షకు 30 మార్కులు. 26 కంటే తక్కువ వస్తే లోతుగా చూడాలి. మాట పోయినవాళ్ళకూ, ఒక పక్క పట్టనివాళ్ళకూ ఆ అంకె ఉన్నదానికంటే తక్కువ వస్తుంది కాబట్టి అదొక్కటే చూసి నిర్ణయాలు చేయకూడదు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఒక్కసారిగా తికమకపడితే అది పక్షవాతం వల్ల వచ్చిన మతిమరుపు అనుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, మలబద్ధకం, రక్తంలో సోడియం తగ్గడం, కొత్త మందు, మూర్ఛ, మరో స్ట్రోక్, ఇవన్నీ చూడాలి.

ఏడుపు, నవ్వు, దిగులు, అలసట

కారణం లేకుండా ఏడుపు ముంచుకొచ్చి నిమిషంలో ఆగిపోవడం దుఃఖం కాకపోవచ్చు, అదుపు తెగిపోవడం. అప్పుడు ‘ఎందుకేడుస్తున్నావ్’ అని అడిగితే పెరుగుతుంది. మాట మార్చి వేరే పనిలోకి తిప్పితే తగ్గుతుంది. మందులతో కూడా తగ్గుతుంది. దిగులు వేరు. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో సుమారు మూడోవంతు మందికి ఏదో ఒక దశలో వస్తుంది. రెండు వారాలకు పైగా తిండి, నిద్ర, ఆసక్తి తగ్గితే డాక్టరుకు చెప్పాలి. మాట రానివాళ్ళు నోటితో చెప్పలేరు, సాధనకు రానంటారు, ముఖం తిప్పుకుంటారు. దిగులు లేకపోయినా కదలిక త్వరగా వస్తుందని ఫ్లూఆక్సిటీన్ అనే దిగులు మందు వేయడం కొన్నాళ్ళు సాగింది. 2018లో వెలువడిన ఫోకస్ పరిశోధనలో దానివల్ల కోలుకోవడంలో లాభం కనపడలేదు, ఎముకలు విరగడం పెరిగింది. దిగులుకు మందు దిగులు ఉన్నప్పుడే.

అలసట నిద్రతో తీరేది కాదు. స్నానం, బట్టలు, ఒక చుట్టం రాక, మూడూ ఒకే ఉదయం పెడితే మధ్యాహ్నం థెరపీకి మనిషి మిగలడు. కష్టమైన పని వాళ్ళు తేరుకుని ఉండే వేళ పెట్టి, తర్వాత అరగంట చప్పుడు లేని విరామం ఇవ్వాలి. సందర్శకులు ఇద్దరికి మించకుండా, ఇరవై నిమిషాలే.

సాధన

మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, ఆరు నెలల తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు. పనికొచ్చేది అవసరమైన పనినే పదేపదే చేయడం. బంతి నొక్కడం వల్ల బంతి నొక్కడమే బాగా వస్తుంది, పైగా బిగుసుకుపోతున్న చేతికి అది పిడికిలిని మరింత బిగించవచ్చు. గ్లాసు అందుకోవడం, తలుపు గడియ తీయడం, బొత్తాం పెట్టడం సాధన చేయించండి. మణికట్టూ వేళ్ళూ కొద్దిగానైనా వెనక్కి ఎత్తగలిగినవాళ్ళకు బాగున్న చేతికి తొడుగు వేసి బలహీనమైన చేతితోనే పనులు చేయించే పద్ధతి ఉంది, అది థెరపిస్టు పర్యవేక్షణలో. ఎక్కువ చేస్తే ఎప్పుడూ మంచిదే అనుకోకూడదు: 2015 నాటి అవర్ట్ పరిశోధనలో మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి ఎక్కువగా లేపి నడిపించినవాళ్ళు, మామూలు పద్ధతిలో చూసుకున్నవాళ్ళకంటే తక్కువగానే కోలుకున్నారు.

చూసుకునే మనిషి ఒక్కరే అయితే ఈ పనులేవీ నెలల తరబడి సాగవు. రాత్రి పక్క మార్చడం ఒకరు, పగటి తిండి ఒకరు, మందుల డబ్బా ఒకరు అని పేర్లు రాసి పంచుకోవాలి. వారంలో ఒక పూట ప్రధానంగా చూసుకునేవాళ్ళు ఇల్లు విడిచి వెళ్ళగలగాలి.

మందులు, బీపీ, మళ్ళీ వస్తే

చాలామందికి బీపీ లక్ష్యం 130/80 లోపు. ఐదు నిమిషాలు కూర్చున్నాక, బాగున్న చేతికి కట్టి, పొద్దునా సాయంత్రమూ నిమిషం తేడాతో రెండేసిసార్లు చూసి రాయాలి. రక్తనాళం మూసుకుపోయి వచ్చిన స్వల్ప స్ట్రోక్ తర్వాత ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి ఇచ్చేది సాధారణంగా 21 రోజులే, కొందరికి 90. ఎప్పుడు ఒకటి ఆపాలో చీటీలో లేకపోతే అడగాలి. ఏళ్ళ తరబడి రెండూ వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండె లయ తప్పినందుకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఒకటి రెండు రోజులు మానినా రక్షణ తగ్గుతుంది. పన్ను తీయించడానికైనా సొంతంగా ఆపవద్దు.

ఒక్కసారిగా తూలడం, చూపు పోవడం, మూతి వంకర పోవడం, చెయ్యి జారిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది వచ్చినా వెంటనే అంబులెన్స్. కొద్దిసేపట్లో అదే సర్దుకున్నా సరే, ఆ తర్వాతి రెండు రోజుల్లోనే పెద్దది వచ్చే ముప్పు ఎక్కువ. పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని అంచనా. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే, గడ్డను గొట్టంతో లాగేసే చికిత్స కొందరికి 24 గంటల వరకు. ఆ గడియారం మీరు చూసిన క్షణం నుంచి కాదు, మనిషి చివరిసారి బాగా కనిపించిన వేళ నుంచి మొదలవుతుంది. ఆ సమయం రాసుకోండి.

ఆస్పిరిన్ ఇవ్వవద్దు, స్కాన్ చూడందే చిట్లిందో మూసుకుందో తెలియదు. నాలుక కింద బీపీ మాత్ర పెట్టవద్దు, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే మిగిలిన మెదడుకూ రక్తం అందదు. నీళ్ళు పట్టవద్దు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. షుగర్ మిషను ఉంటే చూడండి, షుగర్ పడిపోయినా ఇలాగే కనిపిస్తుంది. సీటీ స్కానూ స్ట్రోక్ చికిత్సా రాత్రింబవళ్ళూ ఉన్న ఆసుపత్రికే వెళ్ళండి.

మందుల డబ్బాలో ఎప్పుడూ ఒక కాగితం ఉంచండి. ముందునుంచీ ఏ చెయ్యి, ఏ కాలు బలహీనం, మాట ఎంతవరకు వచ్చేది, మందుల పేర్లూ మోతాదులూ. పక్కన, గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర చివరిసారి వేసుకున్న రోజూ వేళా. ఇంజెక్షన్ ఇవ్వచ్చా లేదా అన్నది నిర్ణయించేటప్పుడు డాక్టరు ముందుగా అడిగేవాటిలో ఇదొకటి.